ఒక్క మడ్‌గార్డు మెరుపు: టర్టిల్ వ్యాక్స్ ఎనభై ఏళ్ళు నిలిచిన తీరు

షికాగో నగరంలో రిగ్లీ ఫీల్డ్ అని పాత బేస్‌బాల్ మైదానం ఒకటి ఉంది. 1940లలో ఆట చూడడానికి వచ్చినవాళ్ళు చుట్టుపక్కల ఖాళీ దొరికినచోట కారు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. ఆట అయ్యాక తిరిగొచ్చి చూస్తే కొందరి కారు వాళ్ళకే కొత్తగా కనిపించేది. బండంతా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది, రంగు వెలిసి, సున్నం కొట్టినట్టు తెల్లబారి. ఒక్క ముందు మడ్‌గార్డు మాత్రం అద్దంలా తళతళలాడుతోంది. పక్కనే ఒక మనిషి చేతిలో గుడ్డ, సంచిలో సీసాలతో నిలబడి ఉన్నాడు. ఆయన పేరు బెన్ హిర్ష్. మిగతా బండి కూడా అలా మెరవాలంటే ఆయన దగ్గర సీసా కొనుక్కోవాలి.

టర్టిల్ వ్యాక్స్ కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. 500 డాలర్ల పెట్టుబడి, ఇంట్లో స్నానాల తొట్టె, ఆ తొట్టెలో కలిపిన ద్రవం. ప్లాస్టోన్ అని దానికి పేరు. భార్య మేరీ ఒక్కో సీసా నింపి మూత బిగించేది. హిర్ష్ ఆ సీసాలు పట్టుకుని ట్రామ్ ఎక్కి పెట్రోల్ బంకులు, గరాజులు తిరిగేవాడు. కార్ల పాలిష్ అమ్మేవాడు ట్రామ్‌లో తిరగడం ఒక్కటి చాలు, ఆ వ్యాపారం ఏ స్థితిలో మొదలైందో అర్థం కావడానికి.

ఆ తొట్టె నుంచి వచ్చిన కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. హిర్ష్ 1966లో చనిపోయాడు. తర్వాత కూతురు సోండ్రా, అల్లుడు డెనిస్ హీలీ దాన్ని నడిపించారు. వాళ్ళ తర్వాత మనవడు, తండ్రి పేరే ఉన్న డెనిస్ హీలీ, పగ్గాలు అందుకున్నాడు. ఆఫీసు కూడా షికాగో శివార్లు దాటిపోలేదు. ఇప్పుడది ఆడిసన్ అనే ఊళ్ళో ఉంది.

కుటుంబ కంపెనీ అనగానే తాతగారు రాసిపెట్టిన రహస్య ఫార్ములా, దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి కాపాడుకుంటున్న వారసులు గుర్తొస్తారు. పచ్చళ్ళ వ్యాపారానికి, ఆయుర్వేద తైలానికి ఆ మాట చెల్లుతుందేమో. కార్ల పాలిష్‌కి చెల్లదు. హిర్ష్ తొట్టెలో కలిపిన ద్రవం ఇవాళ్టి కారు మీద పెద్దగా ఏమీ చేయలేదు, ఎందుకంటే అది బాగుచేయాల్సిన రంగే ఇప్పుడు రోడ్డు మీద లేదు. కారు రంగు ఈ ఎనభై ఏళ్ళలో చాలాసార్లు మారింది. మారిన ప్రతిసారీ సీసాలో సరుకు కూడా దాదాపు మొదటి నుంచీ మార్చుకోవాల్సి వచ్చింది. మారకుండా వచ్చింది పేరు, ఆ పేరు మీద జనం పెట్టుకున్న నమ్మకం. ఈ కంపెనీ చరిత్రంతా సరుకును మార్చుకుంటూ పేరును కాపాడుకున్న చరిత్రే.

ఆ మడ్‌గార్డు మీద నిజంగా ఏం జరిగింది?

అమ్మకం కిటుకు సంగతి అలా ఉంచి, అసలు ఒక గుడ్డ, కాస్త ద్రవంతో వెలిసిపోయిన మడ్‌గార్డు అద్దంలా ఎలా అవుతుంది? ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఈ వ్యాపారం మొత్తం నిలబడింది దీని మీదే.

తొలినాళ్ళ కారు దాదాపుగా గుర్రం లేని గుర్రబ్బండి. దాని ఒంటికి వేసింది కూడా బండికి, బీరువాకి వేసే వార్నిష్ లాంటిదే. పొర మీద పొర వేసి, ఒక్కోటీ ఆరేదాకా ఆగి, మళ్ళీ రుద్ది, ఒక్క కారు రంగు పూర్తయ్యేసరికి వారాలు పట్టేది. 1920ల మొదట్లో డూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే త్వరగా ఆరే రంగు ఒకటి తెచ్చింది, డ్యూకో పేరుతో. 1924 మోడల్ ఓక్లండ్ కార్లకి జనరల్ మోటార్స్ దాన్ని నీలం రంగులో వాడింది. వారాల పని గంటల్లోకి వచ్చేసింది. తెలుగు ఊళ్ళలో ఇప్పటికీ వడ్రంగి మేస్త్రీలు తలుపులకి, కిచెన్ కప్‌బోర్డులకి గన్‌తో కొట్టే నునుపు రంగుని ‘డ్యూకో’ అనే అంటారు. చాలామందికి అదొక రకం పెయింట్ పేరు, అంతే. అది కార్ల ఫ్యాక్టరీలో పుట్టి, బ్రాండు పేరు నుంచి పని పేరుగా మారి, వందేళ్ళ తర్వాత మన ఇంటి వంటగది దాకా వచ్చిన మాట.

ఆ లాకర్లకి, వాటి వెనకే వచ్చిన ఎనామిల్ రంగులకి ఒక బలహీనత ఉంది. రంగునిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే రెసిన్ రెండూ ఒకే పొరలో, నేరుగా ఎండకి ఎదురుగా ఉంటాయి. పైన కాపు కాసే పొర ఇంకేమీ లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాల్లో ఆక్సిజన్ కలిసి పైపైన ఉన్న రెసిన్‌ని చితికిస్తాయి. పట్టు పోయిన రంగు పొడి పైన తేలిపోతుంది. వేలితో రాస్తే వేలికి సుద్దలా అంటుకుంటుంది. పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో సొంతంగా తుడిచిన వాళ్ళకి ఈ సంగతి చేతివేళ్ళతో తెలుసు. పాలిష్ చేసిన గుడ్డ ఎర్ర కారుకి ఎర్రగా, నీలం కారుకి నీలంగా మారిపోయేది. రంగంతా ఊడిపోతోందేమో అని టెన్షన్ పడేవారు కొత్తవాళ్ళు.

ఊడుతున్నది చచ్చిపోయిన పొర. పాలిష్‌లో కంటికి కనిపించనంత మెత్తని రాపిడి పొడి ఉంటుంది. సిలికా మట్టి, చైనా మట్టి, అల్యూమినియం ఆక్సైడ్ లాంటివి. కిరసనాయిలుకి దగ్గర చుట్టమైన సాల్వెంట్ ఉంటుంది, జిడ్డునీ తారునీ వదిలించడానికి. కొంత నూనె, కొంత మైనం ఉంటాయి. ఇవన్నీ నీళ్ళతో కలిసేలా సబ్బు లాంటి పదార్థంతో గిలకొడితే మజ్జిగలా తెల్లటి ద్రవం తయారవుతుంది. గుండ్రంగా తిప్పుతూ రుద్దితే రాపిడి పొడి చచ్చిన పొరని తీసేస్తుంది, దాని కింద ఇంకా ఎండ సోకని అసలు రంగు బయటపడుతుంది. సాల్వెంట్ ఆవిరై తెల్లటి పొగమంచులాంటి పూత మిగులుతుంది. పొడి గుడ్డతో ఆ పూత తుడిచేస్తే, అతి పలచని మైనం పొర రంగుకి అంటుకుని ఉండిపోతుంది. గీతలూ గుంటలూ పూడిన ఆ నున్నటి తలం మీద వెలుగు చెల్లాచెదురు కాకుండా ఒకే దిక్కుకి తిరిగి వస్తుంది. మనం మెరుపు అనేది దాన్నే.

అంటే హిర్ష్ ఆ మడ్‌గార్డుకి పలచని మైనం తప్ప కొత్తగా ఏమీ అద్దలేదు, అందులో దాగి ఉన్న రంగుని బయటికి తీశాడు. అందుకే తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించేది. పక్కనే పాలిష్ చేయని తలుపు ఉంది కాబట్టి మాటలతో ఒప్పించాల్సిన పని కూడా లేదు.

యుద్ధం తెచ్చిన గిరాకీ

కాలం కూడా కలిసొచ్చింది. ప్లాస్టోన్ మొదలైంది 1941 ప్రాంతంలో. 1942 ఫిబ్రవరికల్లా అమెరికాలో మామూలు జనానికి కార్లు తయారుచేయడం పూర్తిగా ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ యుద్ధ విమానాలకి, ట్యాంకులకి మళ్ళిపోయాయి. 1945 దాకా కొత్త కారన్న మాటే లేదు. టైర్లు, పెట్రోలు రేషన్ మీద ఇచ్చారు. ఉన్న బండినే ఎలాగోలా నిలబెట్టుకోవాలి. అలాంటి రోజుల్లో ఒక చిన్న సీసాతో పాత బండికి కొత్త కళ వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

యుద్ధం ముగిశాక కథ తిరగబడింది. 1945లో అమెరికాలో రిజిస్టరైన కార్లు దాదాపు 2.6 కోట్లు. పదేళ్ళు తిరిగేసరికి అవి రెట్టింపై 5.2 కోట్లకి చేరాయి. శివారు ఇళ్ళు, ఇంటి ముందు కారు నిలిపే జాగా, ఆదివారం పూట ఆ జాగాలో బకెట్టూ గుడ్డా పట్టుకుని కారు కడుక్కోవడం అన్నీ ఆ పదేళ్ళలో అలవాటయ్యాయి. కారు పాలిష్ గరాజు సామాను స్థాయి దాటి ఇంటి సామాన్లలో చేరింది. సూపర్ మార్కెట్ అరలోకి ఎక్కింది.

అర మీదకి ఎక్కాక హిర్ష్ పాత పద్ధతి పనికిరాదు. అక్కడ మడ్‌గార్డు లేదు, పక్కన నిలబడి మాట్లాడే మనిషి లేడు. పది సీసాల్లో ఒకటిగా నిలబడాలి, చూసేవాడికి ఒక్క చూపులో సంగతి చెప్పాలి. ప్లాస్టోన్ అనే పేరు ఏమీ చెప్పదు. ఈ చిక్కు విస్కాన్సిన్ రాష్ట్రంలో విడిపోయిందని కంపెనీ కథ. బిలాయిట్ ఊరి దగ్గర టర్టిల్ క్రీక్ అని ఒక వాగు ఉంది. అమ్మకాల పని మీద వెళ్ళి వస్తూ అక్కడ ఆగిన హిర్ష్‌కి తాబేలు డిప్పకీ తన పాలిష్‌కీ పోలిక తట్టిందట. ఎండకి, వానకి, దెబ్బకి తట్టుకునే గట్టి డిప్ప. ప్లాస్టోన్ పోయి టర్టిల్ వ్యాక్స్ వచ్చింది. ‘హార్డ్ షెల్’ అనే మాట సీసా మీదికి వచ్చింది.

కుందేలుతో పందెం వేసుకున్న తాబేలే ముందు గుర్తొచ్చేవాళ్ళకి కారు సరుకుకి ఆ పేరు పెట్టడం వింతగా ఉండొచ్చు. కానీ తాబేలంటే నిదానం ఒక్కటే కాదు. మందర పర్వతాన్ని వీపు మీద మోసింది కూర్మమే. శ్రీకూర్మం గుడికి వెళ్ళి అక్కడ తిరిగే నక్షత్ర తాబేళ్ళని చూసినవాళ్ళకి ఆ డిప్ప నునుపు, దాని మీది గీతల అందం కూడా తెలుసు. గట్టిదనం, మెరుపు రెండూ ఒకే బొమ్మలో ఇమిడిపోయాయి. పేరు పెట్టడంలో ఇంతకంటే తెలివైన పని ఈ రంగంలో ఇంకెవరూ చేయలేదనిపిస్తుంది. పేరులో మైనం ఏ చెట్టు నుంచి వచ్చిందో లేదు, ఏ రసాయనమో లేదు. అందుకే తర్వాత లోపలి సరుకు ఎన్నిసార్లు మారినా పేరు అబద్ధం కాలేదు.

షికాగోలో మూడు రోడ్లు కలిసే ఒక కూడలిలో భవనం నెత్తిన పెద్ద తాబేలు బొమ్మ పెట్టారు. టీవీ వచ్చాక క్విజ్ ఆటల్లో ఓడిపోయినవాళ్ళని ఉత్తచేతులతో పంపకుండా ఇచ్చే బహుమతుల్లో టర్టిల్ వ్యాక్స్ సీసాలు ఒకటయ్యాయి. ఓడినా ఏదో ఒకటి దక్కింది అనే అర్థంలో ఆ పేరు అమెరికన్ల నోట్లో నానిపోయింది.

మైనం వెనక ఉన్న చెట్టు

కారు వ్యాక్స్ అంటే చాలాకాలం కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్లో, సియారా, పియావీ లాంటి ఎండ మండే రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. తన ఒంట్లోని నీరు ఎండిపోకుండా ఆ చెట్టు ఆకుల మీద మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిగా రాలుతుంది. సహజంగా దొరికే మైనాల్లో ఇదే అన్నిటికంటే గట్టిది. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. తేనెపట్టు మైనం అరవై చిల్లరకే కరిగిపోతుంది. మాత్రల మీద, చాక్లెట్ బిళ్ళల మీద నిగనిగలాడే పూత కూడా చాలావరకు ఇదే.

ఎండ దెబ్బకి ఎంత గట్టి మైనమైనా కొన్ని వారాలకో నెలలకో అరిగిపోతుంది. అది వ్యాపారికి లోపం కాదు, మళ్ళీ కొనిపించే గుణం. ఈ రంగంలో చిన్న కుటుంబాలు కూడా నిలబడగలగడానికి కారణాల్లో అదొకటి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, తొట్టెతో మొదలుపెట్టొచ్చు. ముడిసరుకు అందరికీ దొరికేదే. సీసాలో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి సరుకు ఖర్చు కంటే మోత ఖర్చు, ప్రచారం ఖర్చు బరువు. కొనేవాడికి రెండు పాలిష్‌లని పక్కపక్కన పెట్టి పరీక్షించే వీలు ఎప్పుడూ ఉండదు. నమ్మిన పేరునే మళ్ళీ మళ్ళీ కొంటాడు. పేరు నిలబెట్టుకున్నవాడికి ఇది బంగారు బాతు. పేరు పోగొట్టుకుంటే మాత్రం పట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు.

పక్కవాళ్ళ కథలు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అదే షికాగోలో టర్టిల్ వ్యాక్స్ కంటే ముందే సైమనైజ్ అని ఒకటి ఉండేది. ఎంత పేరంటే, కారు పాలిష్ చేయడం అనే పనికి దాని పేరే క్రియాపదమై ఇంగ్లీషు నిఘంటువులకి ఎక్కింది. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది, మళ్ళీ మారింది. పేరు బతికే ఉంది గానీ, తాబేలుకి ఉన్నట్టు దాని వెనక ఒక ఇల్లు లేదు.

మెగ్వయర్స్ కథ వేరు. 1901లో ఇండియానాలో ఫ్రాంక్ మెగ్వయర్ ఇంటి గరాజులో ఫర్నిచర్ పాలిష్ తయారుచేయడం మొదలుపెట్టాడు. గుర్రం లేని బండ్లు వచ్చినప్పుడు వాటి ఒంటి మీద ఉన్నది కూడా కలప వార్నిషే అని గమనించి, బీరువా పాలిష్‌ని కారు మీదికి తెచ్చాడు. 1913లో కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. కొడుకులు అందుకున్నారు. చాలాకాలం వాళ్ళు పెయింట్ షాపులకి, షోకి పెట్టే కార్లవాళ్ళకి మాత్రమే అమ్మేవారు. మామూలు జనానికి అమ్మడం 1973లో మనవడు బ్యారీ మెగ్వయర్ మొదలుపెట్టాడు. వందేళ్ళు దాటాక, 2008లో, కంపెనీని 3ఎమ్ సంస్థకి అమ్మేశారు. అమ్మడం తప్పని చెప్పడానికి వీల్లేదు. రాపిడి పొడులు, కాగితాలు తయారుచేయడంలో 3ఎమ్‌ది ఘనమైన చరిత్ర. కానీ ఒక ఇంటి భోజనాల బల్ల దగ్గర తేలే నిర్ణయాలు ఆ రోజు నుంచి వేల సరుకులున్న ఒక సంస్థ లెక్కల్లో ఒక వరుసగా మారిపోయాయి.

జర్మనీలో ఇంకో రకం. బవేరియాలోని నోయ్‌బుర్గ్ అనే ఊళ్ళో హాఫ్‌మన్ కుటుంబం భూమిలోంచి ఒక ప్రత్యేకమైన సిలికా మట్టి తవ్వి అమ్మేది. మెత్తగా రుద్దడానికి పుట్టినట్టుండే మట్టి అది. 1950లో ఆ కుటుంబమే సోనాక్స్ పేరుతో పాలిష్‌లు తెచ్చింది. మట్టి గని నుంచి సీసా దాకా ఒకే ఇంటి చేతిలో ఉండడం ఈ రంగంలో అరుదు. ఆ సోనాక్స్‌లో పనిచేసిన ఎర్న్‌స్ట్ ప్రోస్ట్ 1990లో ఉల్మ్ నగరంలోని లిక్వి మోలీలో చేరాడు. అది 1957లో హాన్స్ హెన్లే పెట్టిన కంపెనీ. ఇంజిన్ ఆయిల్లో కలిపే మాలిబ్డినం డైసల్ఫైడ్‌తో పేరు తెచ్చుకుంది. ప్రోస్ట్ క్రమంగా హెన్లే కుటుంబం నుంచి దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. 2018లో పూర్తిగా వూర్త్ గ్రూపుకి అప్పగించాడు. వూర్త్ కూడా కుటుంబ సంస్థే. తండ్రి 1954లో పోతే పందొమ్మిదేళ్ళ రైన్‌హోల్డ్ వూర్త్ చిన్న స్క్రూల దుకాణాన్ని నెత్తినేసుకుని పెంచినది. అమ్ముకోక తప్పకపోతే ఇంకో ఇంటికి ఇవ్వడం అనే దారి కూడా ఉందని ఇది చూపిస్తుంది.

రంగు మారినప్పుడల్లా

టర్టిల్ వ్యాక్స్ లాంటి కంపెనీలకి అసలు గండం పోటీదారుల నుంచి రాలేదు, కార్ల ఫ్యాక్టరీల పెయింట్ షాపుల నుంచి వచ్చింది. 1950ల చివర్లో జనరల్ మోటార్స్ యాక్రిలిక్ లాకర్లకి మారింది. అవి ఎండకి ఇంకాస్త ఎక్కువ కాలం తట్టుకున్నాయి. ఆ రోజుల్లోనే పాలిష్‌లలోకి సిలికోన్ నూనెలు వచ్చాయి. రుద్దే శ్రమ సగానికి తగ్గింది, నీళ్ళు ముత్యాల్లా జారిపోయాయి. ఇంటాయనకి సంతోషం, పెయింటర్‌కి తలనొప్పి. సిలికోన్ మిగిలిపోయిన రేకు మీద కొత్త రంగు కొడితే, అది పరుచుకోకుండా అక్కడక్కడ చేపకళ్ళలా గుంటలు పడుతుంది. టింకరింగ్, పెయింటింగ్ షెడ్లలో సిలికోన్ పాలిష్ డబ్బాని లోపలికి కూడా రానివ్వని మేస్త్రీలు ఉండడం అందుకే.

అసలు దెబ్బ 1980లలో తగిలింది. రంగు పొర మీద రంగులేని క్లియర్ కోట్ వేయడం మామూలైపోయింది. రంగు పొడి ఇప్పుడు గాజు కింద పెట్టిన ఫోటోలా భద్రం. సుద్దలా రాలదు, గుడ్డకి అంటుకోదు. అంటే హిర్ష్ మడ్‌గార్డు మీద చేసి చూపించిన అద్భుతం ఇక కుదరదు. చచ్చిన పొరే లేనప్పుడు దేన్ని తీసి మెరిపిస్తారు? పైగా క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. పాత గరుకు పాలిష్‌తో దాని మీద కండబలం చూపిస్తే సన్నటి వలయాల గీతలు పడి, ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి. ఒకప్పుడు మేలుచేసిన సరుకే హాని చేసేదిగా మారింది.

ఇక్కడే ఈ కంపెనీ నిలబడింది. రాపిడి తగ్గించారు, క్లియర్ కోట్‌కి పనికొచ్చే మెత్తని పొడులకి మారారు, పాలిష్ అనే మాట కన్నా కాపుదల అనే మాటని ముందుకు తెచ్చారు. వెలిసిన రంగుని బతికించే వ్యాపారం ఉన్న మెరుపుని కాపాడే వ్యాపారంగా మారింది. హార్డ్ షెల్ అనే పాత మాట మొదట్నుంచీ కాపుదల గురించే కాబట్టి ఈ మలుపు తిరగడం వాళ్ళకి సులువైంది. ఏ చెట్టు మైనం పేరో, ఏ మెరుపు పేరో పెట్టుకున్నవాళ్ళకి అంత సులువు కాదు. 1990ల నుంచి కాలిఫోర్నియా గాలి కాలుష్య నియంత్రణ బోర్డు ఇంటి వాడుక సరుకుల్లో ఆవిరయ్యే సాల్వెంట్ల మీద పరిమితులు బిగిస్తూ వచ్చింది. అది ఇంకో ఒత్తిడి. సాల్వెంట్ తగ్గించి నీళ్ళు పెంచాలంటే రెసిపీ మొత్తం తిరగరాయాలి. బయటివాడికి కనిపించని పనే, కానీ ఇలాంటి కంపెనీ ల్యాబ్‌లో ఎక్కువ కాలం పోయేది దీని మీదే.

2000ల మధ్యలో ఐస్ పేరుతో కృత్రిమ పాలిష్ తెచ్చారు. నల్ల ప్లాస్టిక్ అంచులకి అంటుకుంటే తెల్ల మరక పడడం పాత వ్యాక్స్‌తో పెద్ద గొడవ. దీనితో ఆ గొడవ లేదు. ఆ తర్వాత వచ్చింది సిరామిక్ యుగం. మైనం స్థానంలో సిలికా ఆధారిత పాలిమర్లు, తర్వాత గ్రాఫీన్ అనే అతి పలచని కార్బన్ కలిపిన పూతలు వచ్చాయి. ఒకప్పుడు కార్లకి మెరుగుపెట్టే డిటైలింగ్ స్టూడియోకి తీసుకెళ్తే గానీ దొరకని గుణాన్ని స్ప్రే సీసాలో పెట్టి, కడిగిన కారు మీద చల్లి తుడుచుకోమన్నారు. ఇప్పుడు ఆ సీసాలో తాటాకు మైనం ప్రధానం కాదు, పేరులో వ్యాక్స్ మాత్రం అలాగే ఉంది.

మన రోడ్ల మీద

టర్టిల్ వ్యాక్స్ ఇటీవలి ఏళ్ళలో మన దేశంలో సొంత కంపెనీ పెట్టి, డిటైలింగ్ స్టూడియోలు కూడా మొదలుపెట్టింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో డిటైలింగ్ అనే బోర్డు ఇప్పుడు సందుకొకటి. పదేళ్ళ కింద వాటర్ సర్వీసింగ్ అన్న బోర్డే ఉండేది. మాట మారడంతో పాటు జనం డబ్బు పెట్టడం కూడా మారింది. అందుకే రసాయనం గురించి కొంచెమైనా తెలిసి ఉండడం అవసరం.

‘9హెచ్ గట్టిదనం’ అనే మాట ప్రతి సిరామిక్ కోటింగ్ కరపత్రం మీదా ఉంటుంది. వజ్రం తర్వాతంత గట్టిది అన్నట్టు చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ 9హెచ్ పెన్సిల్ కొలత. పెన్సిల్ ములుకుల గట్టిదనంతో పూతని గీసి చూసే పరీక్షలో పై మెట్టు. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో 9తో దానికి సంబంధం లేదు. ఆటో రాసుకుపోతే పడే గీత నుంచి ఏ కోటింగూ కాపాడదు. మూడు వేళ్ళ మందాన పట్టిన దుమ్ము మీద పొడి గుడ్డ లాగితే పడే గీతల నుంచి కూడా కాపాడదు. మన ఊళ్ళలో కారు రంగుని ఎక్కువగా పాడుచేసేది అలా పొద్దున్నే లాగే ఆ పొడి గుడ్డే.

ఇంకోటి బోరు నీళ్ళు. పూత ఎంత బాగుంటే నీళ్ళు అంత గుండ్రటి చుక్కలై నిలబడతాయి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ప్రకటనల్లో చూపించేది కూడా అదే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న బోరు నీటి చుక్క ఎండలో ఆరిపోతే, ఆ లవణాలన్నీ ఒక్కచోట చేరి తెల్లటి ఉంగరంలా మిగులుతాయి. రోజులు గడిస్తే అది పూతనే కాదు, క్లియర్ కోట్‌ని కూడా తినేస్తుంది. కాబట్టి కోటింగ్ వేయించిన కారుకి తుడుపు ఎక్కువ అవసరం, తక్కువ కాదు. కడగ్గానే మైక్రోఫైబర్ గుడ్డతో నీరు పీల్చేయాలి. సీసా వెనక ‘నీడలో వాడండి’ అని రాసి ఉండేది కూడా మొక్కుబడి మాట కాదు. ఏప్రిల్ ఎండలో నల్ల బానెట్ 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. చల్లిన ద్రవం పరుచుకునేలోపే ఆరిపోయి చారలు పడుతుంది. ఆ చారలు వదిలించడానికి మళ్ళీ పాలిష్ చేయాల్సి వస్తుంది.

ఇప్పటి కారు కొత్తదై ఉన్నా పాతదై ఉన్నా పైపైన కొంత మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి తేడా చూపించడం హిర్ష్ రోజుల్లోకంటే కష్టం. డిటైలింగ్ షాపులో కుర్రాళ్ళు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. బానెట్ మధ్యలో నిలువునా మాస్కింగ్ టేప్ అంటిస్తారు. ఒక పక్క మాత్రమే మిషన్‌తో పాలిష్ చేస్తారు. టేప్ పీకి, లైటు ఏటవాలుగా పెట్టి, కారాయన్ని పిలుస్తారు. ఎడమ పక్క సాలెగూడు గీతలు, కుడి పక్క ట్యూబ్‌లైటు నీడ గీత గీసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. కారాయన వంగి, రెండు పక్కలా చెయ్యి రాసి చూస్తాడు. తర్వాత మిగతా సగానికి ఎంతవుతుందని అడుగుతాడు.